బొట్టు లేని పెన్‌డ్రైవ్

నాలుగింటికి కొలంబోలో మన ఏజెంటు రేవణ్ణ ఒక టీ తాగబోతున్నాడు. అందులో విషం ఉంటుంది.

ఆ కబురు మైసూరు ఆఫీసుకు చేరేసరికి మూడూ పది. బయటికి అది అగరుబత్తీల ఏజెన్సీ. రేవణ్ణను హెచ్చరించే కోడ్ అక్కడ ఒకే ఒక్క డెస్క్‌టాప్‌లో ఉంది. చీఫ్ పొన్నప్ప పండగని కూడా చూడకుండా పొద్దున పెట్టించిన అప్‌గ్రేడ్ మధ్యలో అది చచ్చింది.

ఏజెంటు కాళేగౌడ మెకానిక్ వేషంలో సంచీతో దిగాడు. స్క్రీన్ వెలుగుతోంది, నల్లబడుతోంది, మళ్లీ మొదటికొస్తోంది.

ఇది విదేశీ ముఠా పంపిన వైరస్సే అన్నాడు పొన్నప్ప. ఆఫీసర్ చిత్రలేఖ తలూపింది. పట్టుచీర, జడలో మల్లెలు. ఆరేళ్లుగా గౌడతో టిఫిన్ డబ్బా పంచుకున్న మనిషి. డిస్క్ చెరిపేసి కొత్త సిస్టమ్ ఎక్కించమంది. చెరిపితే కోడ్ కూడా పోతుంది.

గౌడ డెస్క్‌టాప్ పెట్టె వైపు చూశాడు. చామంతి దండ, పసుపు, కుంకుమ. ఆయుధపూజ. వాచ్‌మన్ బసప్పని పిలిచాడు.

“మెయిన్ స్విచ్ ఆపింది నువ్వేనా?”

“నేనే గౌడ్రే. పూజ వేళ ఏ యంత్రమూ నడవకూడదు గదా. అరవై మూడు శాతం అని ఉండె. మిగతాది పూజయ్యాక చేసుకుంటుందిలే అనుకున్నా.”

అయితే వైరస్ కాదు. కరెంటు పోతే పాత సిస్టమ్ దానంతటదే వెనక్కి రావాలి. ఏదో అడ్డుపడుతోంది. గౌడ ప్రింటర్ వైరు పీకాడు, స్కానర్ వైరు పీకాడు. అన్నిటికీ బొట్టుంది. స్టాప్లర్‌ని కూడా బసప్ప వదల్లేదు. వెనక, చివరి పోర్టులో ఒక పెన్‌డ్రైవ్. మెషీన్ లేచినప్పుడల్లా తనవైపు లాక్కుంటోంది.

దానికి బొట్టు లేదు. అంటే పూజ తర్వాత పెట్టింది.

పూజయ్యాక ఈ గదిలోకి వచ్చిందెవరని అడిగాడు. బొరుగుల ప్రసాదం పెట్టడానికి చిత్రలేఖమ్మ ఒక్కరే వచ్చారన్నాడు బసప్ప.

గౌడ పెన్‌డ్రైవ్ లాగేశాడు. మూడూ యాభై రెండు. పాత సిస్టమ్ మెల్లగా వెనక్కి రాసాగింది. చిత్రలేఖ చెయ్యి బ్యాగులోకి జారింది. పొన్నప్ప ఆ చెయ్యి పట్టుకున్నాడు. లోపల లిప్‌స్టిక్ ఉంది. దాంట్లో ఒక తూటా.

“నీ డబ్బాలో కూడా విషం కలపమన్నారు గౌడా,” అందామె. “నేనే కలపలేదు.”

గౌడ తిరిగొచ్చిన సిస్టమ్‌లోంచి కోడ్ తీశాడు. మూడూ యాభై తొమ్మిదికి ‘చక్కెర వద్దు’ అని పంపాడు. రేవణ్ణ జవాబు వచ్చింది: ‘టీయే వద్దు.’

ఐదింటికి మెమో వచ్చింది. అప్‌గ్రేడ్ చెడగొట్టినందుకు బసప్ప సస్పెన్షన్. కింద పొన్నప్ప సంతకం.

బసప్ప దాన్ని రెండుసార్లు చదివి, మూలన కుంకుమ బొట్టు పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇదీ ఆయుధమే గదా గౌడ్రే.”