కుదుపు లేని నలభై గజాలు

మార్చి పదకొండు. ఆ మధ్యాహ్నం ఏజెంట్ మిరియం తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, ఒక రొట్టె ముక్క. తమ్ముడు తిన్నది ఒకటిన్నర గుడ్డు. మిగిలిన సగం మీద గిన్నె బోర్లించి, "వచ్చాక తింటా అన్నా, ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని చెప్పి వెళ్లాడు.

సొంత తమ్ముడు కాదు. ఆరేళ్లు పక్కపక్కన పనిచేసిన ఏజెంటు. 'గవ్వ' అనే విదేశీ ముఠా దగ్గర పట్టుకున్న పేలుడు ద్రవాన్ని ట్రాలీ మీద ల్యాబుకు తోసుకెళ్తున్నాడు. వరండా నేలలో వేలెడు వెడల్పు అతుకు ఉంది. ఇనుప చక్రం అందులో దిగి ఎగిరింది. అంతే.

ఆ ట్రాలీకి కుదుపు మింగే స్ప్రింగు చక్రాలు కావాలని మిరియం అంతకుముందే మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ ఆఫీసు స్టోర్స్ నుంచి ఒకటే జవాబు: "ఉన్న చక్రాలు తిరుగుతున్నాయి కదా."

మూడో జవాబు కాగితం ఇప్పటికీ అతని జేబులోనే ఉంది. కోపం చల్లారుతోందని అనుమానం వచ్చినప్పుడల్లా తీసి చదువుకుంటాడు.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం, అయిదుంబావుకు చీఫ్ ఫోన్ చేశాడు.

"మిరియం, ప్రసూతి ఆసుపత్రి, రెండో అంతస్తు. పసిపిల్లల వార్డు గోడ పక్కన చక్రాల ఎక్స్‌రే యంత్రం. దాని కడుపులో గవ్వ వాళ్ల బాంబు. టైమర్ అయిదూ యాభైకి."

"ఏ వార్డన్నారు?"

"అవును. తమ్ముడి కూతురున్న వార్డే."

"బాంబు స్క్వాడ్ ఏదీ?"

"వచ్చేసరికి ఆరున్నర. మూత తీస్తే పేలుతుంది, కుదిపినా పేలుతుంది. మన మనిషి అక్కడ కలుస్తుంది. కోడ్ కుర్చీ."

అయిదూ ఇరవై రెండుకి నీలం ఓవరాల్ వేసుకున్న మెకానిక్ ఒకడు రెండో అంతస్తు మెట్లెక్కాడు. ఎక్స్‌రే యంత్రం పక్కన పచ్చ పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో శాంపిల్ పెట్టె. ఆసుపత్రి సామగ్రి అమ్మే సేల్స్ మేనేజర్ అని బ్యాడ్జి.

"మీ ఇంట్లో కుర్చీ లాగితే చప్పుడవుతుందా?" అన్నాడు మిరియం.

"తప్పు కుర్చీది కాదండీ, కాళ్లది."

కోడ్ కలిసింది. మిరియానికి ఒళ్లు మండింది. రెండేళ్లుగా ముఠా జీతం, అయిదు నెలలుగా మన జీతం కూడా తింటున్న డబుల్ ఏజెంట్ ఈవిడే.

"ఈ చోటు వాళ్లకి ఎవరు చూపించారు?"

"నేనే." ఆమె కళ్లు దించలేదు. "'మీ పాత చక్రాలు ఎంత కుదుపుతున్నాయో చూపిస్తా'నని ఆసుపత్రి వాళ్లకి చెప్పి, పోయిన నెల ఇదే యంత్రానికి మీటర్ కట్టి వరండా అంతా తిప్పాను. కొలతలు ఎందుకో మధ్యాహ్నం తెలిసింది. వెంటనే మీ చీఫ్‌కి చెప్పాను."

"సిగ్గు లేదూ?"

"తిట్టడానికి తర్వాత తీరిక ఉంటుంది. ముందు వినండి. కుదుపు మీటర్ మీద మూడు జీ దాటితే పేలుతుంది. ఈ గట్టి చక్రాలతో నేల అతుకు మీద అయిదు వస్తుంది. కదిపితే చస్తారని వాళ్ల ధీమా. కానీ వాళ్లు కొలిపించింది పాత చక్రాల మీదే."

పెట్టె తెరిచింది. లోపల నాలుగు చక్రాలు. మెత్తటి రబ్బరు, ఒక్కోదాని మెడ దగ్గర పొట్టి స్ప్రింగు.

"గుంటలోకి స్ప్రింగు దిగుతుంది, పైనున్న సరుకు దిగదు. చప్పుడుండదు, నేల గీసుకుపోదు, యంత్రంలో స్క్రూలు వదులవవు, తోసేవాళ్ల మణికట్లు బతుకుతాయి. నా ఉద్యోగం అబద్ధమే గానీ సరుకు నిజం."

"పిల్లల్ని తీసెయ్యలేమా?"

"తొమ్మిదిమంది. అందరూ ఆక్సిజన్ మీదే. ఒక్కొక్కరికి పది నిమిషాలు."

ఆసుపత్రి అసలు మెకానిక్‌ని పిలిచారు. అందరికీ ఆయన చక్రాల బాబాయ్. విషయం విని, జాకీ తెచ్చి యంత్రం కింద దుప్పటి మడతల మీద పెట్టాడు.

"ఇవే కావాలని నేనూ అడిగా బాబూ, నాలుగేళ్లు. 'బండి పోతోందిగా బాబాయ్' అంటారు."

"ఎవరు?"

"ఇంకెవరు? మా స్టోర్స్ వాళ్లే."

మిరియం పళ్లు నూరాడు.

జాకీ వెంట్రుకవాసి చొప్పున లేచింది. విప్పిన నట్లన్నీ దూది మీద పెట్టారు. మూడో చక్రం బిగిస్తుండగా వార్డు తలుపు తెరుచుకుంది. తమ్ముడి భార్య.

"బావగారూ! మీరేంటి, ఈ వేషమేంటి?"

"ఏం లేదమ్మా. చక్రాలు మారుస్తున్నాం."

ఆమె జాకీని చూసింది, అతని చేతుల్ని చూసింది. "ఆయన ట్రాలీ లాంటిదేనా?"

అబద్ధాలతోనే బతికిన మనిషికి ఆ ఒక్కటి నోట రాలేదు. "అవునమ్మా."

ఆమె లోపలికి వెళ్లి, పిల్లను పెట్టిన గాజుపెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

నాలుగో చక్రం కడ్డీ రంధ్రంలో వదులుగా ఆడింది. "మందపాటి కాగితమేదైనా ఉందా బాబూ?" అన్నాడు బాబాయ్.

మిరియం జేబులోంచి స్టోర్స్ జవాబు తీసి నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. చక్కగా బిగిసింది. ఆ కాగితం పనికి రావడం అదే మొదలు.

అయిదూ నలభై రెండు. ముగ్గురూ కలిసి తోశారు. లిఫ్టు దాకా నలభై గజాలు. సేల్స్ మేనేజర్ గడియారంలో సెకన్ల ముల్లు బదులు కుదుపు ముల్లు ఉంది.

మొదటి అతుకు. "ఒకటీ పాయింట్ నాలుగు."

రెండోది. "ఒకటీ పాయింట్ ఆరు."

లిఫ్టు వచ్చింది. కానీ గడపకు రెండు అంగుళాలు కిందుగా ఆగింది.

"ఇక్కడ ఎంత?" అన్నాడు మిరియం.

"ఇక్కడ కొలవలేదు." ఆమె చెప్పులు విడిచి, లిఫ్టులోకి దిగి, యంత్రానికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఆనించింది. పేలితే ముందు ఆమే పోతుంది. "మెల్లగా వదలండి."

ముందు చక్రాలు దిగాయి. స్ప్రింగులు అడుగంటా కుంగాయి.

"రెండూ పాయింట్ ఎనిమిది."

అడుగంతస్తులో గర్భాశయ క్యాన్సరుకి రేడియేషన్ ఇచ్చే గది ఉంది. మనిషి ఎత్తంత మందం కాంక్రీటు గోడలు, సీసం తలుపు. సాయంత్రం కాబట్టి ఖాళీ. యంత్రాన్ని లోపలికి తోసి, తలుపు లాగి గొళ్లెం పడేసరికి అయిదూ నలభై తొమ్మిది దాటి యాభై రెండు సెకన్లు. గోడ వెనక ఎవరో బరువుగా దగ్గినట్టు ఒక చప్పుడు. సున్నం రాలి ముగ్గురి తలలూ నెరిశాయి.

"ఇప్పుడు తిట్టండి," అంది ఆమె.

మిరియం ఆమె ఒట్టి పాదాల్ని చూశాడు. "ముందు చెప్పులు తెచ్చుకో."

అతను మళ్లీ వార్డు ముందుకు వచ్చేసరికి చీఫ్ ఫోన్. "భేష్ మిరియం! స్టోర్స్ కూడా దిగొచ్చింది. స్ప్రింగు చక్రాలు శాంక్షన్. ఎన్ని కావాలి?"

రెండు నెలల కోపం ఒక్కసారి గొంతులోకి వచ్చింది. "ఎన్ని కావాలా? ఇప్పుడా అడిగేది? మార్చి పదకొండున..."

వార్డు తలుపులోంచి మరదలు పెదవి మీద వేలు పెట్టింది. "మెల్లగా బావగారూ. పాప ఇప్పుడే నిద్రపోయింది."

ఫోన్లో చీఫ్ "హలో? ఎన్ని?" అంటున్నాడు.

మిరియం గొంతు గుసగుసకు దిగింది. "ఉన్న ట్రాలీలన్నిటికీ. ఇంకో నాలుగు ఆ స్టోర్స్ ఆఫీసరు కుర్చీకి వేయించండి. రేపు పొద్దున ఆయన్ని కుదిపెయ్యడానికి నేను ఆయన గదికి వస్తున్నాను."

వార్డులో ఒక్క దీపం ఉంచి మిగిలినవి ఆర్పేశారు. మరదలు గొళ్లేన్ని వేళ్లతో పట్టుకుని, చప్పుడు కాకుండా, తలుపు దగ్గరగా వేసింది.