ఎడమ పక్క బరువు

చోడవరంలో బెల్లం వ్యాపారం చేసే సత్యారావు గారు పడవ కొన్నారని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. పడవని చూశాక ఆ నవ్వు కూడా రాలేదు.

పెళ్ళికి ముందు నుంచీ నేను విశాఖపట్నంలో పడవలు కట్టే యార్డులో పనిచేశాను. మా ఆయన మోజెస్‌కి ఇక్కడి హైస్కూలుకి బదిలీ అయితే ఆయన వెంట వచ్చేశాను. ఇక్కడ పడవలు లేవు. చెరకు ట్రాక్టర్లున్నాయి, ఆటోలున్నాయి, అన్నీ తెలుసనుకునే మగాళ్ళున్నారు. ఆ మగాళ్ళలో సత్యారావు గారిదే పెద్ద కుర్చీ.

పడవ ఆయన బెల్లం గోడౌన్ ముందు ట్రాలీ మీద ఉంది. చిన్న ఫైబర్ పడవ, బాగా పాతది. దాన్ని పెళ్ళి కారులా సింగారించారు. నెమలి నీలం రంగు, దాని మీద బంగారు గీతలు, రెండు పక్కలా వాళ్ళమ్మాయి ఆశ్రిత పేరు. పాటలకి కారు స్పీకర్లు. ముక్కుకి నిమ్మకాయలూ మిరపకాయలూ. అడుగున ఏముందో మాత్రం ఒక్కరూ వంగి చూసిన పాపాన పోలేదు. “మొత్తం రీస్టోర్ చేయించేను మేడం” అన్నారాయన. పుట్టీ పూసి రంగేయడాన్ని ఆ మాట అంటారని నాకు అప్పుడే తెలిసింది.

మాడుగుల అవతల రిజర్వాయరులో జనాన్ని షికారు తిప్పాలని ఆయన ఆలోచన. ఆదివారం ప్రారంభం. మొదటి షికారు ఆశ్రితకీ, ఆ పిల్ల స్నేహితురాళ్ళకీ. కానీ పడవ మాట వినడం లేదట, అందుకే నన్ను పిలిపించారు. నీళ్ళలో పెడితే ఎడమ పక్కకి ఒరుగుతోంది. నడిపితే ఎడమకే లాగుతోంది. వేగం పెంచితే ముక్కు గుర్రంలా లేస్తోంది. నడపడానికి పెట్టుకున్న పెదబాబు రెండుసార్లు తిప్పి తాళం చేతిలో పెట్టేశాడట. వెనక ఎడమ మూల ఎవరో కూర్చున్నట్టుందని వాడి ఫిర్యాదు.

పనిరాని మెకానిక్కులకి దెయ్యాలు ఎంత ఉపయోగమో చెప్పలేను. ఎక్కడ తప్పుందో వెతకక్కర్లేదు.

నేను వెతికాను. నేల పలక కోస్తే కింద ఫోమ్ నీళ్ళు పీల్చి స్పాంజిలా ఉంది. ఎడమ పక్క మరీ ఎక్కువ. కుళ్ళిన నాచు వాసన. సత్యారావు గారు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పైన రంగు కొత్తదే కదా అన్నారు. ఆయనకి జవాబు చెప్పడం దండగ. ఫోమంతా తీయించి, ఎండబెట్టి, కొత్తది వేశాను. ఇంజను కాస్త ఎడమకి జరిపి బిగించారు, దాన్ని మధ్యకి తెచ్చాను. అది వెనక్కి వాలిపోయి ఉంది, అందుకే ముక్కు లేస్తోంది. సరిచేశాను. ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న రెక్క తప్పు దిక్కుకి తిరిగి ఉంది, అందుకే లాగుడు. అదీ తిప్పాను. స్టీరింగ్ కేబులు మార్చాను.

చివరికి ట్రాలీతో సహా చెరకు బళ్ళు తూచే కాటా మీదికి ఎక్కించాను. ట్రాలీ బరువు తీసేస్తే, అలాంటి పడవ ఎంత ఉండాలో అంతే ఉంది. ఒక్క కిలో తేడా లేదు. అక్కడ నిలబడ్డ ట్రాక్టరు డ్రైవర్లు ఆడమనిషి పడవని తూచడం వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

శనివారం పొద్దున్న రిజర్వాయరులో దింపాం.

పడవ నీళ్ళమీద తేలింది. ఒక్క క్షణం నిటారుగా ఉంది. తరవాత, ఎవరో మెల్లగా కూర్చున్నట్టు, వెనక ఎడమ మూల కిందికి దిగింది.

ఖాళీ పడవ. అందులో ఎవరూ లేరు.

సత్యారావు గారు నా వైపు చూశారు. ఆ చూపులో ఉన్న సంతోషం నాకు నచ్చలేదు. ఆడదానికీ అంతు పట్టలేదన్న సంతోషం అది. ఎక్కి అడుగంతా తడిమాను. చుక్క నీరు లేదు. కుడి పక్క ఇసుక మూటలు పెడితే సరిగ్గా నిలబడింది. కాసేపు నడిపాను, బాగానే ఉంది. ఒడ్డుకి తిప్పుతుంటే మళ్ళీ ఎడమకి ఒరిగింది. మూటలు పెట్టినచోటే ఉన్నాయి.

నేల మీద లేని బరువు నీళ్ళమీద ఎక్కడినుంచి వస్తుంది?

గట్టు మీద ఒక ముసలామె నిలబడి ఉంది. నరసమ్మ. రిజర్వాయరు అవతలి ఒడ్డున ఆమె ఇల్లు. ఈ పడవ వాళ్ళదే, సత్యారావు గారికి అమ్మింది ఆమే. దీన్ని ఆమె తమ్ముడు రాము నడిపేవాడట, జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించేవాడట. ఒకరోజు సాయంత్రం పడవ ఒక్కటే ఇంటికొచ్చింది. మనిషి దొరకలేదు. వాడెప్పుడూ వెనక ఎడమ మూలనే, ఇంజను పక్కన కూర్చునేవాడని కూడా చెప్పింది.

ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు చివర్లో ఏదో ఒకటి అడుగుతారు. పూజకో, దినానికో. నేను ఎదురుచూశాను. ఆమె ఏమీ అడగలేదు. పడవ కేసి చూస్తూ మెల్లగా అంది:

“ఆడికి ఈత రాదమ్మా. బయపడితే పక్కనున్నోళ్ళని అట్టుకుంటాడు.”

నేను పట్టించుకోలేదు. మధ్యాహ్నం గాలికి అలలు లేస్తే ఒరుగుడు సరిగ్గా తెలియదు. గాలి పడిపోయాక, పొద్దు కొండ వెనక్కి జారే వేళ, మళ్ళీ పరీక్షించాలనుకున్నాను. పెదబాబు రానన్నాడు. బరువు కోసం మనిషి కావాలి. సత్యారావు గారూ, మీరు రండి అన్నాను. ఆయన వెనకాడితే, రేపు మీ అమ్మాయిని ఎక్కిస్తారు కదా, మీరెక్కడానికేం అన్నాను. ఆయనకి రోషం వచ్చింది. ఎక్కారు. మనిషి బాగా భారీ. ఆయన అడుగు పెట్టగానే పడవ ఒక్కసారి ఊగి, గట్టుకి కట్టిన తాడు టప్పున బిగిసింది.

ఆయన్ని ముందు కుడి పక్క కూర్చోబెట్టాను. నేను మధ్యలో స్టీరింగ్ దగ్గర. పడవ సరిగ్గా నిలిచింది.

నీళ్ళు నూనెలా ఉన్నాయి. కొండల నీడ ఒడ్డు దాటి నీళ్ళలోకి పాకింది. దూరాన ఎవరో చెరకు చెత్త కాలుస్తున్నారు, ఆ పొగ వాసన నీళ్ళ మీదుగా వస్తోంది. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. పడవ గీత గీసినట్టు పోతోంది. నా పని మీద నాకే ముచ్చటేసింది. సత్యారావు గారికి ధైర్యం వచ్చి పాటలు పెట్టబోయారు. వద్దన్నాను.

మధ్యకి వచ్చాక ఇంజను ఆపాను. నిలబడ్డ నీళ్ళలో ఒరుగుడు కొలవాలి.

నిశ్శబ్దం.

అప్పుడు వాసన తగిలింది. పొగ వాసన కాదు. తడిసిన గోనె, పెట్రోలు, చుట్ట కలిసిన వాసన. నా వెనక నుంచి.

పడవ కొంచెం కదిలింది.

వెనక ఎడమ మూల పైకి లేచింది. నాకు అర్థమైంది. అక్కడున్న బరువు అక్కడ లేదు. నా పక్కన నేల పలక కిర్రుమంది... నేనే వేసిన పలక, నేనే బిగించిన మరలు. పడవ మధ్యలో దిగింది. మళ్ళీ కిర్రుమంది, నా ముందు. ముక్కు దిగింది. కుడికి ఒరిగింది.

సత్యారావు గారి పక్కకి.

“మేడం...” అన్నారాయన. గొంతు లేదు, గాలి మాత్రమే.

మధ్యకి జరగమన్నాను. ఆయన జరగలేదు. ఆయన కుడి చేతి చొక్కా చూశాను. మోచేతి దగ్గర గుడ్డ ముడతలు పడి, పిడికిట్లో ఉన్నట్టు లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆ ముడతల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

“అట్టుకున్నాడు” అని గొణిగారు.

పడవ అంచు నీళ్ళని తాకుతోంది. ఇంకొంచెం ఒరిగితే ఇద్దరం బోల్తా. నేను ఇంజను స్టార్ట్ చేసి, స్టీరింగ్ చక్రాన్ని కుడికి, బయల్దేరిన ఒడ్డు కేసి తిప్పబోయాను. చక్రం తిరగలేదు. కుడికి ఒరిగిన పడవ ఎడమకి పోతుంది, అది నాకు తెలుసు. కానీ చక్రం కూడా ఎడమకి తిరుగుతోంది. నా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. తిప్పేది మాత్రం నేను కాదు.

కేబులు... కొత్త కేబులు...

ఎడమన, అవతలి ఒడ్డున, ఒక చిన్న దీపం. నరసమ్మ ఇల్లు. ఇన్ని రోజులూ ఈ పడవ ఎక్కడికి లాగుతోందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎంత లాగుతోందో కొలిచాను, అంతే.

నా చేతులు తీసేశాను.

పడవ అంచు కొద్దిగా పైకి లేచింది. ముక్కు దీపం కేసి తిరిగింది. ఇంజను చప్పుడు తగ్గింది, నేను తగ్గించలేదు. బాగా అలవాటైన చెయ్యి నడిపినట్టు, రాళ్ళ మధ్య నుంచి తప్పుకుంటూ, పాత రేవులో మెత్తగా ఆగింది.

నరసమ్మ రేవులో నిలబడి ఉంది. మమ్మల్ని చూడలేదు. మా మధ్యలోకి చూసింది.

“దిగరా రాము. ఇల్లొచ్చింది.”

పడవ పైకి తేలింది. ఒక మనిషి దిగితే ఎంత తేలుతుందో అంత. ఆమె వెనక్కి తిరిగి గట్టెక్కింది. నేను గుండెల నిండా గాలి పీల్చాను. అయిపోయింది అనుకున్నాను. ఇంటికెళ్ళి మోజెస్‌కి ఇదంతా ఎలా చెప్పాలా, చెప్పకుండా ఎలా ఉండాలా అని కూడా ఆలోచించాను.

అంతలో పడవ మళ్ళీ తేలింది.

ఇంకొకరు దిగినట్టు. ఈసారి ఇంకా ఎక్కువ. బాగా బరువైన మనిషి దిగినట్టు. పడవ అంచున నీళ్ళ గీత జానెడు కిందికి జారింది, నేనొక్కదాన్నే ఉన్నంతగా.

చూశాను. సత్యారావు గారు ముందు కుడి పక్కనే కూర్చుని ఉన్నారు. చొక్కా తడిసి ఉంది. నా కేసి తిరిగి నవ్వారు. పడవ సెట్ అయిపోయింది కదా మేడం అన్నారు.

లేచి, పడవ అంచు మీద కాలు పెట్టి, గట్టు మీదికి అడుగేశారు.

పడవ కదల్లేదు.