గ్రిసెల్ అని పిలవకూడని బావి

కిల్‌బ్రాన్ ఊళ్ళో నూరేళ్ళకు పైగా ఏ ఆడపిల్లకీ గ్రిసెల్ అని పేరు పెట్టలేదు. చీకటిపడ్డాక చర్చి వెనక బావి దగ్గర ఆ పేరు నోటితో అనరు కూడా. అంటే... లోపల్నుంచి పలుకుతుందట.

అయినా ఊరివాళ్ళు నోరు మూసుకుంటే ఏం లాభం? బావి పక్కిల్లే ఓ పెద్ద రచయిత పుట్టిన ఇల్లు. ఆయన పిల్లల పుస్తకంలో బావిలో గ్రిసెల్ ఉంటుంది, పిలిస్తే నవ్వుతూ పైకొస్తుంది. అది చదివి వచ్చినవాళ్ళంతా బావిలోకి వంగి ఆ పేరు అరిచి, ఫొటోలు దిగి, తమ దారిన తాము పోతారు. ఏం మనుషులో ఏమో.

మోరాగ్ వచ్చింది పుస్తకం చదివి కాదు. ముత్తవ్వ గ్రిసెల్ పుట్టిన ఊరు వెతుక్కుంటూ న్యూజిలాండ్ నుంచి వచ్చింది. ఐదో నెల కడుపు. రెండేళ్ళ కిందట ఆరేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. ఆ పిల్లకి ముత్తవ్వ పేరే పెట్టుకుంది. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టడం వాళ్ళలో పాత ఆచారం. అత్తగారు అదే పట్టు పట్టింది. పెట్టాలా, వద్దా... మోరాగ్‌కి నిద్ర ఉండేది కాదు.

చర్చి దొడ్లో ముత్తవ్వ ఇంటివాళ్ళ సమాధి రాయి దొరికింది. వంగి చదివింది. గ్రిసెల్, ఆరేళ్ళు, 1868.

"ఆరేళ్ళకే పోతే, మరి మా ముత్తవ్వ ఎవరండీ?" బసకొచ్చి ఇంటావిడ ఎఫీని అడిగింది.

ఎనభై ఏళ్ళ ఎఫీ జావ కలుపుతోంది.

"మీ ముత్తవ్వ ఆ మరుసటేడు పుట్టింది. పెద్దది బావిలో పడిపోయిందిగా, దాని పేరే దీనికీ పెట్టారు. ఇంకేముంది తల్లీ... సాయంత్రం వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, గ్రిసెల్, తిండికి రావే అని పిలిస్తే..." గరిటె ఆగింది. "ఇద్దరొచ్చేవాళ్ళట. ఒకతె పొడిగా... ఒకతె తడిగా."

మోరాగ్ కుర్చీ దగ్గరకి లాక్కుంది.

"అమ్మ చిన్నదాన్ని ఎత్తుకునేది. పెద్దది కాసేపు చూసి, వెనక్కి పోయేది. ఆ తల్లి ఎన్నాళ్ళు భరిస్తుంది? ఓడెక్కి మీ దేశం పోయారు."

"ఇప్పుడూ వస్తుందా?"

"పుస్తకాలవాళ్ళు పిలుస్తున్నారుగా. పాపం, వస్తుంది. వచ్చి చూస్తే అమ్మ ఉండదు."

నవంబరు. నాలుగింటికే చీకటి. వద్దనుకుంటూనే మోరాగ్ బావి దగ్గరకి వెళ్ళింది. ఆ పిల్లని పిలవాలని కాదు. రెండేళ్ళుగా నోట రాని తన కూతురి పేరు...

"గ్రిసెల్..."

నీళ్ళు కదిలాయి. గట్టు మీద తడి అడుగులు — ఒకటి... ఇంకొకటి...

"అమ్మా?"

మంచులాంటి చిన్న చెయ్యి ఆమె వేళ్ళు తడిమింది. మెల్లగా పైకి పాకి, కడుపు మీద ఆగింది.

"దీని పేరేంటి?"

మోరాగ్ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. కన్నీళ్ళ మధ్యే చెప్పింది.

"ఇంకా పెట్టలేదమ్మా. నీ పేరు మాత్రం పెట్టను."

చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత లేదు.

న్యూజిలాండ్‌లో పుట్టిన బిడ్డకి ఎఫీ అని పేరు పెట్టారు. అత్తగారు నెల్లాళ్ళు మాట్లాడలేదు. రోజూ చీకటిపడగానే మోరాగ్ పెరటి గుమ్మంలో నిలబడి, పోయిన కూతుర్ని ఒక్కసారి గ్రిసెల్ అని పిలుస్తుంది. ఆ ఇంట్లో ఆ పేరుతో ఇంకెవరూ లేరు, పిలుపు తనకే అని పిల్లకి తెలియాలి కదా.

కూతురు రాలేదు. మొన్న కిల్‌బ్రాన్‌లోని ఎఫీకి రాసిన ఉత్తరంలో ఆ సంగతే రాసింది. కానీ ఈ మధ్య తెల్లారి లేచేసరికి గడప మీద చిన్న చిన్న తడి పాదాలు ఉంటున్నాయట. తన బిడ్డ పోయింది జ్వరంతో, నీళ్ళలో కాదు. తెలుసు.

తెలిసే, రోజూ ఒక గిన్నె జావ ఎక్కువ పెడుతోంది.