రాజుగారి రెండో అంతస్తు

రాజమండ్రిలో దేవీచౌక్ దాటాక ఒక కాంప్లెక్సు ఉండేదండి. కింద బట్టల కొట్లు, పైన మందుల ఏజెన్సీ, ఎస్టీడీ బూత్... అన్నీ కిటకిట. రెండో అంతస్తులో మాత్రం పెద్ద హాలు, ఏసీతో సహా, ఖాళీగా పడుండేది. దాని వైపు చూసినవాడు లేడు.

ఎందుకంటే అక్కడ దెయ్యం ఉందని పేరు.

ఎవరు చచ్చారు, ఎప్పుడు చచ్చారు అంటే ఒక్కడూ చెప్పలేడు. కానీ రాత్రయితే పైనుంచి మల్లెపూల వాసన దిగొస్తుంది... ఆడవాళ్ళ నవ్వు వినిపిస్తుంది... పొద్దున్న చూస్తే నేలంతా తడి. ఒక చిట్‌ఫండ్ వాళ్ళు దిగి, నెల తిరక్కుండా బోర్డు కూడా విప్పుకోకుండా పారిపోయారు. తొంభై ఎనిమిది నాటి మాట ఇది.

ఓనరు సీతారామరాజు గారు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటూ అక్కడే ఉంటారు. అద్దె తగ్గించి తగ్గించి, చివరికి అడ్డికి పావుశేరు చేసేశారు.

మా పిన్ని కూతురు సాయిప్రసన్నకి కావలసిందీ అదే. కంప్యూటర్ సెంటర్ పెడతానని వాళ్ళ నాన్న ప్రాణం తోడేస్తోంది. కంప్యూటర్లకి ఏసీ ఉండి తీరాలనేవారు అప్పట్లో. ఏసీ హాలు దానికి అందేది ఊరు మొత్తానికి ఇదొక్కటే.

మా బాబాయ్ గున్నేశ్వరరావు గారు బట్టల వ్యాపారి. బేరం లేకుండా ఏదీ ఒప్పుకోరు.

"ఒక్క రాత్రి ఆ హాల్లో ఉండమ్మాయ్. తెల్లారేదాకా ఉన్నావా, సెంటర్ నీది. మధ్యలో దిగొచ్చావా, సామర్లకోట సంబంధానికి తలూపాలి."

ఆ సామర్లకోట పెళ్ళికొడుకంటే దానికి దెయ్యాన్ని మించిన భయం. సరేనంది.

మే నెల. ఊరంతా ఉడికిపోతోంది. కూతుర్ని వదిలి వెళ్ళలేక బాబాయ్ కింద స్కూటర్ మీదే కూర్చున్నారు. ఇది టార్చిలైటు పట్టుకుని మెట్లెక్కింది...

ముందు వాసన తగిలింది. ఒక మూరది కాదు, బుట్టలకి బుట్టలది.

తాళం తీసి తలుపు తోసింది—

చలి. మే నెలలో, ఖాళీ హాల్లో, పళ్ళు టకటకలాడే చలి.

కాలి కింద తడి. ఇంకో అడుగు వేసింది... నెత్తి మీద ఏదో మెత్తగా, చల్లగా రాసుకుంది. చేతిలో టార్చి జారి ఆరిపోయింది. దూరంగా మూలలో గుడ్డిదీపం. ఆ వెలుగులో—

తెల్లటి ముసుగులు. నేల మీద వరసగా కూర్చున్నాయి. ముఖాల్లేవు. చేతులు మాత్రం గబగబా ఆడుతున్నాయి...

"నాన్నా" అని అరవబోయింది. సామర్లకోట గుర్తొచ్చింది. చున్నీ నోట్లో కుక్కుకుంది.

అప్పుడు ఒక ముసుగు మెల్లగా లేచింది.

"ఎవరండీ..." అంది వణికిపోతూ. "మీరు... దెయ్యమాండీ?"

ప్రసన్నకి ఎక్కడ లేని నవ్వూ వచ్చింది. చున్నీ అడ్డం ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కిందున్న బాబాయ్‌కి గుండె ఆగేది.

ఆవిడ పేరు అచ్చాయమ్మ. కడియపులంక మార్కెట్లో మల్లెమొగ్గలు కొని తెస్తుంది. ఆ ఎండలకి మొగ్గలు రాత్రికే విచ్చుకుపోతే పొద్దున్న పెళ్ళిళ్ళకి పనికిరావు. ఏసీలో అయితే మొగ్గ మొగ్గలాగే ఉంటుంది. అందుకే తన మనుషులతో వెనక మెట్లెక్కి వచ్చి, చలికి దుప్పట్లు ముసుగేసుకుని, దండలు కట్టి తాళ్ళకి వేలాడదీసి నీళ్ళు చల్లుకుంటోంది. తెల్లారేలోపు ఒక్క రేకు మిగలకుండా ఊడ్చుకుని పోతారు.

"దెయ్యం ఉందని మాకూ చెప్పారండి," అంది అచ్చాయమ్మ. "ఇంత చల్లటి చోటు మళ్ళీ దొరుకుద్దా అని, దణ్ణం పెట్టుకుని కూర్చుంటున్నావండి."

"మరి తాళం ఎవరు తీస్తున్నారు?"

"ఆయ్, రాజుగారి భార్యగారండి. మేవొచ్చేసరికి వెనక తలుపు తీసి, ఏసీ వేసి ఉంచుతారు. డబ్బులు పుచ్చుకోరండి. మూరెడు పూలు తీసుకుని వెళ్ళిపోతారు."

ఎంత మంచావిడో అనుకుంది ప్రసన్న. ఇక తెల్లారేదాకా దుప్పటి కప్పుకుని, వాళ్ళతో కబుర్లాడుతూ దండ కట్టడం నేర్చుకుంది. ఒప్పందమూ అయిపోయింది. పగలు కంప్యూటర్లు, రాత్రి పూలు. దెయ్యం లేదని మాత్రం ఎవరూ నోరు జారకూడదు. ఆ పేరు పోయిందంటే అద్దె పెరుగుతుంది, ఇద్దరికీ చోటు పోతుంది.

పొద్దున్న కిందికి దిగేసరికి బాబాయ్ ముఖం పీక్కుపోయి ఉంది.

"ఉందా?" అన్నారు గొంతు తగ్గించి.

"ఉంది నాన్నా. మాట్లాడుకున్నాం. పగలు నాకు, రాత్రి తనకి."

బాబాయ్ స్కూటర్ స్టాండు తీశారు. ఎంతైనా వ్యాపారి కదా...

"అద్దెలో వాటా వేసుకుంటుందా మరి?"

"లేదు. తనకే మనం ఇవ్వాలి. రోజూ మూరెడు మల్లెపూలు."

"చవకే," అని స్కూటర్ స్టార్ట్ చేశారు.

జూన్‌లో సెంటర్ తెరిచింది. పూజ రోజే రెండు బ్యాచ్‌లు నిండిపోయాయి. భీమవరం నుంచి రాజుగారు కూడా వచ్చారు. ఆయన్ని చూడటం అదే మొదటిసారి. ప్రసన్న కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, అందరూ అటు వెళ్ళాక మెల్లగా అంది:

"మీ ఆవిడగారిని కూడా తీసుకురావలసిందండి. మాకు చాలా సాయం చేశారు."

రాజుగారు సిగ్గుపడిపోయారు.

"నాకింకా పెళ్ళే కాలేదండి..."

"నాన్నకి అబద్ధం చెప్పాననుకున్నాను అక్కా," అంటుంది ప్రసన్న ఇప్పటికీ, నవ్వు ఆపుకోలేక.

ఆ పూజ రోజు రాత్రి నుంచే ఆవిడకిచ్చే మూరెడు పూలు రెండు మూరలు చేశారు.