ఎడమవైపు సీటు

పొద్దున్నే నాన్న ఎడమ చెయ్యి తగిలి ఇంకో గ్లాసు పగిలింది. ఈ నెలలో ఇది మూడోది. ఇక్కడ ఎవరు పెట్టారని నాన్న విసుక్కున్నాడు. పెట్టింది ఆయనే, అదీ రెండు నిమిషాల క్రితం. అమ్మ పెంకులు ఏరింది.

కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేసే కూతురికి మాత్రం అనుమానం వచ్చింది. నాన్న స్కూలు వ్యాను నడుపుతాడు. కిందటి నెలే ఆయన్ని తనే పరీక్షించింది. చివరి వరుస చిన్నక్షరాలు కూడా గడగడా చదివేశాడు. చూపు బ్రహ్మాండమని కాగితం రాసిచ్చేసింది. ఇంట్లో మనిషే కదా అని పక్కచూపు పరీక్ష ఎగ్గొట్టింది. బయటివాళ్ళకైతే చచ్చినా అలా చేయదు.

ఇప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి, తన ముక్కునే చూడమని, రెండు చేతులూ చాపి వేళ్ళు ఆడించింది. ఆయన కుడివైపువి చెప్పాడు. ఎడమవైపు ఎంత ఆడించినా ఏమీ లేదన్నాడు. ఏ కన్ను మూసినా అంతే.

"రెండు కళ్ళకీ ఒకే వైపు కనబడట్లేదంటే తేడా కళ్ళలో కాదు నాన్నా, మెదడులో. నిరుడు తలనొప్పని రెండు రోజులు పడుకున్నావే, అప్పుడేమో. ఇవాళే స్కాన్ తీయించాలి. వ్యాను తాళాలివ్వు."

ఆయనకి ఒళ్ళు మండింది. ఎడమవైపు చీకటుంటే తనకి తెలీదా అని ఎగిరాడు. చీకటుండదని, కనిపించని చోటుని మెదడే ఏదో అల్లి నింపేస్తుందని కూతురు నచ్చజెప్పబోయింది.

"ఏడాదిగా ఒక్క పిల్లకైనా గోరంత దెబ్బ తగిలిందా?"

దానికి జవాబు అమ్మ దగ్గర ఉంది.

"తగల్లేదు. పక్కన నేను కూర్చుంటున్నాను కాబట్టి."

పిల్లల్ని దింపే వంకతో ఆవిడ ఏడాదిగా ఎడమవైపు సీటెక్కుతోంది. దారి పొడుగునా ఒకటే వాగుడు. అదిగో సైకిలాయన, ఇదిగో కుక్కపిల్ల, ఆ పిల్ల గౌను చూడండి. రేడియో అని పేరు పెట్టి పిల్లల ముందు ఆటపట్టించేవాడు ఆయన.

"ఒకసారి ఎడమపక్క స్తంభాన్ని రాసుకుంటూ పోనిచ్చారు. ఆ రోజు నుంచీ నేను నోరు మూయలేదు. బండి మానిపిస్తే మీరు కుంగిపోతారని దాచాను. నిన్న నాకు ఒక్క తుమ్ము వచ్చిందండీ. కళ్ళు తెరిచేసరికి ముందు చక్రం పక్కనే ఒక పాప. నేను స్టీరింగు లాగితే మీరు నన్నే తిట్టారు. ఇక నా వల్ల కాదు."

ఆయన తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఆమె స్కూలుకి ఫోన్ చేసి, వేరే డ్రైవరుని పంపమంది.

అమ్మ ఆయనకి ఎడమవైపే నిలబడి ఉంది. మెడంతా తిప్పి ఆవిణ్ణి వెతుక్కున్నాడు. కళ్ళు నిండిపోయాయి.

"ఆసుపత్రికి నువ్వూ రా. దారిలో ఏమేం ఉన్నాయో చెబుతూ ఉండు."