మూత పెట్టని సీసా

“ఈసారి నీ ఆయుధం సీసా బ్రష్షు,” అన్నారు చీఫ్.

ఏజెంట్ తొమ్మిది నవ్వలేదు. మూడు దేశాల్లో, ఏడు మారువేషాల్లో ప్రాణాలకు తెగించి పనిచేసినవాడికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

మిషన్ సులువే. ఒక లాబొరేటరీలో అసిస్టెంటుగా చేరాలి. అక్కడున్న ఒకే ఒక్క సీసాను కాపాడాలి. అందులో ఉన్నది సైక్లోమెటలేటెడ్ ప్లాటినమ్ సమ్మేళనం, పాస్‌పోర్టుల మీద వాడబోయే రహస్యపు సిరాకు మూలపదార్థం. అల్ట్రావయొలెట్ లైటు వేస్తే ఎర్రగా వెలుగుతుంది. అది విదేశీ ‘గద్ద’ ముఠా చేతికి చిక్కితే దొంగ పాస్‌పోర్టును పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

“అవసరమైనప్పుడు మన మనిషి వస్తుంది. ‘నైట్రోజన్ సిలిండర్ ఖాళీ అయిందా?’ అంటుంది. ‘సగం ఉంది’ అను. వెళ్ళు.”

ఆరు నెలలు గడిచాయి. గద్ద కాదు గదా, ఈగ కూడా వాలలేదు. ఏజెంట్ తొమ్మిది కడిగిన ఫ్లాస్కే కడుగుతున్నాడు.

లాబ్ అధిపతిని అందరూ చాటుగా ప్లాటినమ్మ అంటారు. ప్లాటినమ్ పరమాణువును ఒకవైపు కార్బన్‌తో, ఇంకోవైపు నైట్రోజన్‌తో పట్టించి ఉంగరంలా బిగించడం ఆవిడ నాలుగేళ్ళ తపస్సు. మూడు రోజులు వేడిచేస్తే ఫ్లాస్కు అడుగున మసిలాంటి నల్లపొడి మిగిలేది. నలభై సార్లు అంతే. నలభై ఒకటోసారి పసుపుపచ్చ స్ఫటికాలు వచ్చాయి. ఎందుకు వచ్చాయో ఆవిడకే తెలియదు. ఆ తర్వాత మళ్ళీ నల్లపొడే. ఆ స్ఫటికాలను కరిగించి పెట్టిన సీసా పోతే నాలుగేళ్ళ కష్టమూ మట్టిపాలే.

“నాయనా, మూత! ఎన్నిసార్లు చెప్పాలి?” ఇది రోజూ ఉండే పాట. “కాగితం మీద ఆరాక ఫర్వాలేదు. సీసాలో ఉన్నంతసేపూ దానికి గాలి పడదు. ఆక్సిజన్ తగిలిందా, వెలుగు చచ్చిపోతుంది. మళ్ళీ నేను అరగంట నైట్రోజన్ ఊది ఆ ఆక్సిజన్‌ను తరిమేయాలి. అవి చేతులా, చీపురుకట్టలా?”

పిస్టల్ సేఫ్టీ క్యాచ్ ఏనాడూ మరవని మనిషికి మూత మాత్రం గుర్తుండేది కాదు.

ఆరోజు పదకొండు గంటలకు మంత్రిత్వ శాఖ అధికారుల ముందు ఆ సిరా డెమో. పదింటికి ప్లాటినమ్మ అతిథులను కలవడానికి వెళ్ళగానే తలుపు తెరుచుకుని ఒకామె లోపలికి వచ్చింది. మెషీన్లు రిపేరు చేసే కంపెనీ బ్యాడ్జి, ముత్యాల కమ్మలు, గది నిండా సెంటు వాసన.

“నైట్రోజన్ సిలిండర్ ఖాళీ అయిందా?”

“సగం ఉంది!” అతని ప్రాణం లేచివచ్చింది. “మేడమ్, ఇక్కడ చచ్చిపోతున్నాను. సీసా ఆ రెండో డ్రాయర్‌లోనే ఉంది. నన్నిక్కణ్ణుంచి బయటపడేయండి.”

ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులోంచి సన్నని పిస్టల్ గొట్టం బయటికొచ్చింది. “థాంక్స్. గద్దకు నువ్వే మేలు చేశావు.”

రెండు వైపులా పనిచేస్తున్న మనిషి! ఆరు నెలలు కాపాడిన రహస్యాన్ని అర నిమిషంలో అప్పగించినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె రబ్బరు ట్యూబుతో అతన్ని కుర్చీకి కట్టేసి, డ్రాయర్ లాగి, ఉంగరంలో దాచిన అల్ట్రావయొలెట్ టార్చి సీసా మీదికి తిప్పింది.

వెలుగు లేదు.

“నకిలీదా? నన్నే ఏమారుస్తావా?”

అతను బిత్తరపోయాడు. అంతలోనే గుర్తొచ్చింది. పొద్దున సీసాను చూసి, మూత వదులుగా వదిలేశాడు.

ఆమె టార్చి అలమరలన్నీ వెతికింది. పై అరలో ఒక సీసా నిప్పులా మండింది. అది మెషీన్ సరిచూసుకోవడానికి వాడే రోడమిన్ అనే మామూలు రంగు. దానికి గాలితో పనిలేదు.

“ఇదీ అసలు సరుకు!” సీసాను హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని వెళ్ళిపోయింది.

నేల మీద ఆమె వెంట గులాబీ చుక్కలు. ఆ సీసా మూత కూడా తను బిగించలేదు! ఏజెంట్ తొమ్మిది కుర్చీతో సహా గెంతుకుంటూ వెళ్ళి, ఫోన్ పడదోసి, ముక్కుతో గేటు నంబరు నొక్కాడు.

“చేతులకు గులాబీ రంగు అంటిన మనిషిని వదలకండి!”

కారు తలుపు వేసుకోబోతుండగా గేటు కాపలావాళ్ళు ఆమెను పట్టుకున్నారు. ఎంత తుడుచుకున్నా ఆ రంగు పోలేదట.

పరుగున వచ్చిన ప్లాటినమ్మ అతని కట్లు విప్పకముందే సీసాలోకి నైట్రోజన్ గొట్టం దించింది. ఐదు నిమిషాలు, పది, ఇరవై. అల్ట్రావయొలెట్ దీపం కింద సన్నగా ఎర్రని వెలుగు పుట్టి, మెల్లగా సీసా అంతా నిండింది. ఆవిడ కళ్ళు కూడా నిండాయి. పదకొండుకు ఇంకా ఐదు నిమిషాలుంది.

మధ్యాహ్నం చీఫ్ ఫోన్ చేశారు. “శభాష్! గాలి తగిలించి అసలుదాన్ని ఆర్పేశావు. మామూలు రంగును ఎరవేశావు. మూత వదులుచేసి ఆనవాలు పట్టావు. ఏం బుర్రయ్యా నీది!”

“సార్, అది...” గొంతుదాకా వచ్చిన నిజాన్ని మింగేశాడు. “ఇక నన్ను ఫీల్డుకు పంపండి సార్.”

“ఇంత పకడ్బందీగా కాపలా కాసేవాణ్ణి అక్కణ్ణుంచి కదుపుతానా? ఇంకో రెండేళ్ళు అక్కడే.”

నిజం చెబితే ఉద్యోగం ఉండదు, చెప్పకపోతే సీసా బ్రష్షు వదలదు. ఏజెంట్ తొమ్మిది నిట్టూర్చి బ్రష్షే అందుకున్నాడు.