ట్యాంకు మూత మీద కిష్టమ్మ

శనివారం పొద్దున బాత్రూమ్ తలుపు తీసిన కిష్టమ్మ అడుగు వెనక్కి వేసింది. పోయిన నీళ్లన్నీ నల్లగా పైకి తన్నుకొచ్చి గడప దాకా నిలిచాయి. నాచారంలోని ఆ పాత ఇంటికి ఇప్పటికీ సెప్టిక్ ట్యాంకే దిక్కు. తెల్లారితే బోనాలు. ఇల్లు కడిగి బోనం వండాల్సిన వేళ ఈ కంపు!

"తల్లికి కోపమొచ్చిందేమో," అంది గుండె మీద చెయ్యేసుకుని. "పిల్లకు వాంతులు గిట్ల పట్టుకుంటే ఏంగావాలె?"

మూడేళ్ల మనవరాలిని చంకనేసుకున్న కోడలు ప్రవీణ అప్పటికే ఫోన్లు చేస్తోంది. "ట్యాంకు తోడే లారీలు సోమవారం దాక రావంట అత్తమ్మా. పండుగకు డ్రైవర్లు ఊర్లకు వోయిన్రట."

భర్త బిక్షపతి తువ్వాలు నడుముకు చుట్టాడు. "లారీ ఎందుకే? మా నాయిన ఉన్నప్పుడు మేమే దిగి తోడలేదా?"

"నీ మోకాళ్లకు అయితదా నాయినా? నేను దిగుత," అంటూ కొడుకు ధర్మేందర్ గడ్డపార అందుకున్నాడు. కంపెనీలో మెషీన్లు విప్పి బిగించే మనిషి. అడుగున ఏదో అడ్డం పడ్డదని, దిగి లాగేస్తే సాయంత్రానికి అంతా సర్దుకుంటుందని అతని ధీమా.

కిష్టమ్మ వసారాలోంచి ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చింది. ట్యాంకు మూత మీద వేసి కూర్చుంది.

"లే అమ్మా."

"లెవ్వ."

"మెట్రో ఎక్కాలంటె భయం, లిఫ్టంటె భయం, ఉరుమొస్తె భయం. నీ భయాలకు ఆగితే మనింట్ల పొయ్యి గూడ ముట్టియ్యం!"

"అవ్ రా, గన్నిసార్లు భయపడ్డ. గన్నిసార్లు నువ్వే గెలిచినవ్. గీ ఒక్కసారి నన్ను గెలువనియ్యి. గా గుంతల గాలి మనిషిని తింటది. ఒకడు దిగి పడిపోతే వాన్ని తీయనీకి ఇంకోడు దిగుతడు. ఇద్దరూ పోతరు."

"మరి రేపు బోనం?" విసుక్కున్నాడు బిక్షపతి.

"వండను."

ఆ మాటకు తనే భయపడింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. అయినా గొంతు తగ్గించలేదు. "తల్లి కాళ్లు నేను పట్టుకుంట. తప్పయితే నాకే తగలనీ. నా కొడుకు మాత్రం దిగడు."

ధర్మేందర్ కోపంగా కుర్చీని ఆమెతో సహా ఎత్తి పక్కన పెట్టాడు. గడ్డపారతో మూత జరిపి, ఎక్కడ దిగాలో చూద్దామని మోకాళ్ల మీద వంగాడు. అంతే, కళ్లు తిరిగి ముందుకు తూలాడు. కిష్టమ్మ అతని కాలర్ పట్టి వెనక్కి గుంజింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. ప్రవీణ కెవ్వుమంది.

కాసేపటికి అతనికి ఊపిరి కుదుటపడింది. బిక్షపతి మొహం పక్కకు తిప్పుకొని, మూతను కాలితోనే తోసి మూసేశాడు.

"నీళ్లు మూత దాక ఉన్నయ్," అన్నాడు ధర్మేందర్ నీరసంగా.

ప్రవీణ కళ్లు తుడుచుకుంది. "మొన్న ఉగాదికే గదా ఖాళీ చేయించినం? గింత జల్ది నిండదు. ట్యాంకుల అడ్డమేం లేదు. నిండిన నీళ్లు బయటికే పోతలేవు."

నలుగురి చూపూ పెరటి మూలకు వెళ్లింది. ట్యాంకు నీళ్లు ఇంకే రాళ్ల గుంత అక్కడే. రాళ్లలో పాములు చేరతాయని నిరుడు కిష్టమ్మ దాన్ని ఎర్రమట్టితో నింపించి, పూలు బోనానికి పనికొస్తాయని ఈ ఏడు బంతి నారు నాటింది. రోజూ నీళ్లు కూడా పెట్టింది.

"నేనే మూసిన్నా?" ఆమె మూలకు నడిచింది. "నా భయమే గిదంతా జేసిందా?"

"నీ భయమే నన్ను గుంజింది గూడ," అన్నాడు ధర్మేందర్.

కిష్టమ్మ కొంగు నడుముకు దోపింది. పూతకొచ్చిన మొక్కలను తన చేత్తోనే పీకి అవతల పారేసింది. మధ్యాహ్నం దాకా మట్టి ఎత్తిపోశారు. ట్యాంకు నుంచి వచ్చే పైపు మూతిలో జడలా అల్లుకున్న వేర్లను కర్రతో లాగేసరికి, నీళ్లు గడగడమంటూ రాళ్లలోకి దూకాయి. బిక్షపతి బాత్రూమ్‌లో బకెట్ నీళ్లు కుమ్మరించి చూశాడు.

"పోతున్నయే!" అని లోపల్నుంచి అరిచాడు.

"అయితే తెల్లారంగ లేచి ఇల్లు కడుగుత. బోనం వండుత," అని కిష్టమ్మ మెట్టు మీద కూలబడింది. ధర్మేందర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇంకేమేం భయాలున్నయో చెప్పమ్మా. వింట."

వెటకారమేమోనని అతని మొహంలోకి చూసింది. కాదు.

"మేడమెట్ల కడ్డీ ఊగుతున్నదిరా. పిల్ల దాన్నే పట్టుకొని దిగుతది."

అతను లేచి వెళ్లి కడ్డీని కదిపి చూశాడు. ఊగింది. పానా కోసం లోపలికి వెళ్లాడు.